జత అడుగు

పొద్దున్నే మంచం దిగడమంటే వదినకి ఈమధ్య పెద్ద పరీక్ష అయిపోయింది. ఎడమ మడమ నేలకి ఆనిందో లేదో, కింద ఎవరో మేకు నిలబెట్టి ఉంచినట్టు నొప్పి సర్రున పిక్కదాకా పాకుతుంది. అందుకని ముందు కుడికాలు దింపుతుంది. మంచంకోడు పట్టుకుని ఎడమకాలి వేళ్ళు మాత్రం మోపి, నేలతో బేరమాడుతున్నదానిలా కాసేపు నిలబడుతుంది. పక్కన మొగుడు కాస్త కదిలితే చాలు, గబుక్కున మామూలు మనిషిలా నడిచేస్తుంది. స్నానాలగది తలుపు గడియ పెట్టాకే మూలిగే ధైర్యం చేస్తుంది.

ఆ మంగళవారం కూడా అంతే. నొప్పి మాత్ర ఒకటి మింగి, మడమకి మందు రాసి, బూటులో మెత్తటి అట్ట సర్దుకుని, ఏమీ ఎరగనట్టు వాకిట్లోకి వచ్చింది. మరదలు అప్పటికే బూట్లు కట్టుకుని మెట్టుమీద కూర్చుని ఉంది.

"వదినా, మళ్ళీ నడుం పట్టేసిందా? మందు వాసన వీధి చివరిదాకా కొడుతోంది."

"ఆ, పట్టేసింది."

"మా అన్నయ్యచేత పట్టించుకోకపోయావా? ఊరికే కూర్చుని తింటున్నాడుగా."

"మీ అన్నయ్య చెయ్యి పడితే ఉన్న నడుం కాస్తా పోతుంది. లే, టైమైంది."

మరదలికి పుట్టినప్పటినుంచీ చూపు లేదు. ఒక ఆసుపత్రిలో ఫోన్లు ఎత్తే ఉద్యోగం. పరుగంటే ప్రాణం. చూపు లేనివాళ్ళ పరుగులో పక్కన ఒక తోడు ఉండాలి, ఆ తోడు వదిన. ఇద్దరి చేతులకీ మధ్య ఒక పట్టీ. వదిన కుడివైపు, మరదలు ఎడమవైపు. వదిన ఎడమచెయ్యి, మరదలి కుడిచెయ్యి ఒకే పట్టీలో కలిసి ఊగాలి. చేతులు కలవాలంటే కాళ్ళూ కలవాలి. లోపలికాలుతో లోపలికాలు, బయటికాలుతో బయటికాలు. వాళ్ళిద్దరూ పరిగెడుతుంటే ఒక్క మనిషి పరిగెడుతున్నట్టే వినిపిస్తుందని మైదానంలో అందరూ అనేవారు. వదినా మరదళ్ళు ఇంత ఒద్దికగా ఉండటం ఎక్కడా చూడలేదని వేళాకోళమూ చేసేవారు.

ఆ రోజు మాత్రం వాళ్ళు నాలుగోసారి మలుపు తిరిగి వస్తుంటే గట్టిగా విజిల్ వినబడింది. మాస్టారికి మాటకంటే ముందు విజిలే వస్తుంది. అందరూ ఆయన్ని విజిల్ మాస్టారనే పిలుస్తారు.

"ఇలా రామ్మా," అన్నాడాయన మరదలితో. "ఏమైంది నీ కుడికాలికి?"

"ఏం కాలేదు మాస్టారూ."

"కాకపోతే ఎందుకలా ఎత్తేస్తున్నావు, నిప్పుమీద వేసినట్టు? బరువంతా ఎడమకాలిమీదే తోస్తున్నావు. కొన్నాళ్ళనుంచీ చూస్తున్నాను, నీకే తెలుస్తుందిలే అని ఊరుకున్నాను. నీ ధ్యాస ఎక్కడుంటోంది అసలు?"

మరదలు తల దించుకుంది. ఆయన వదినకేసి చెయ్యి చూపించి మిగతావాళ్ళవైపు తిరిగాడు. "ఈవిడని చూడండి. ఆ పిల్ల వంకర నడకకి తన నడక సర్దుకుని, పాపం తనూ వంకరగా పరిగెడుతోంది. ఒక్క మాట పైకి అనలేదు. తోడంటే అలా ఉండాలి."

వదిన నోరు తెరవబోయి, చేతిలో ఉన్న నీళ్ళ సీసా మూత తిప్పింది, బిగించింది, మళ్ళీ తిప్పింది. తన ఎడమకాలు నేలమీద నిలవలేకే మరదలి కుడికాలు నేలమీద నిలవడం లేదని ఆ మైదానంలో ఆమె ఒక్కదానికే తెలుసు. అక్కడికక్కడే మెచ్చుకోలు కూడా వచ్చి మెళ్ళో పడేసరికి, తేలు కుట్టిన దొంగలా నిలబడిపోయింది.

మాస్టారు మరదల్ని మైదానం మధ్యలో నిలబెట్టి, ఉన్నచోటే అడుగులు వేయమన్నాడు. ఎడమ, కుడి, ఎడమ, కుడి. కుడి తేలిపోతే విజిల్. మళ్ళీ మొదటినుంచి. పరుగుకొచ్చినవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగి చూస్తున్నారు. ఈత నేర్పే పొడుగావిడ కూడా నడుంమీద చేతులు వేసుకుని నిలబడింది. ఆవిడ గొంతు పైనెక్కడినుంచో వినబడుతుందని మరదలు ఆవిడకి మేడమీదావిడ అని పేరు పెట్టింది. ఎప్పుడైనా తోడు కావలిస్తే తనున్నానని ఆవిడ మాస్టారికి చెప్పి ఉంచిన సంగతి వదినకి తెలుసు.

మరదలి ముఖం ఎర్రబడింది. విజిల్ ఆగిన సందులో మెల్లిగా అడిగింది. "వదినా, ఎవరైనా చూస్తున్నారా?"

"ఎవరూ లేరు. నువ్వు చెయ్యి."

చివరికి మాస్టారు తేల్చి చెప్పాడు. "ఆదివారం మళ్ళీ చూస్తాను. అప్పటికి సరైతే సరే. లేకపోతే పెద్ద పరుగుకి నీ పేరు పంపను. అంత దూరం ఈ నడకతో పరిగెత్తావంటే నీకిక మోకాలు మిగలదు."

ఆ పెద్ద పరుగుకోసం మరదలు ఏడాదిగా ఎదురుచూస్తోంది. తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఎడమ, కుడి అని లెక్కపెట్టుకుంటూ నడిచింది. వదిన పలకరించలేదు. మాట్లాడితే ఏది బయటికొస్తుందోనని భయం.

వదినది బట్టలు కుట్టే కార్ఖానాలో కత్తిరింపు పని. పొడుగాటి బల్లమీద బట్ట పొరలు పొరలుగా పరిచి, మూలల్లో ఇనుప దిమ్మలు పెట్టి, పైపొర మీద సుద్దతో గీసి, గీత వెంబడి కత్తి మిషన్ నడపాలి. కూర్చుని చేసే పని కాదు. సిమెంటు నేలమీద పొద్దస్తమానం నిలబడాల్సిందే. బుధవారం ఇంటినుంచి నీళ్ళ సీసా గడ్డకట్టించి తెచ్చింది. బల్లకింద చెప్పు విడిచి, సీసాని అరికాలికింద అటూ ఇటూ దొర్లిస్తూ, పైన చేతులతో చొక్కాల ముందుభాగాలు గీస్తోంది. చల్లదనానికి మడమ మొద్దుబారి, ప్రాణం కాస్త కుదుటపడింది.

చెప్పేస్తే పోయేదేముంది అని తనని తనే అడుక్కుంది. పోతుంది. కాలు చూపిస్తే ముందు పరుగు మానమంటారు. పట్టీ మేడమీదావిడ చేతికి వెళుతుంది. ఆ పిల్లకి కొత్తవాళ్ళతో కుదరదు, బెదిరిపోతుంది, పోయినేడు ఎంత కష్టపడి అలవాటు చేశానో అని ఇన్నాళ్ళూ సర్దిచెప్పుకుంటూ వచ్చింది. బల్లముందు ఒంటరిగా నిలబడ్డప్పుడు మాత్రం ఆ ముసుగు నిలవలేదు. పోయినేడు పరుగు అయ్యాక మైకులో ఇద్దరి పేర్లూ చదివారు. ఇద్దరి మెళ్ళోనూ పతకాలు వేశారు. ఊరూ పేరూ తెలియనివాళ్ళు తనకోసం చప్పట్లు కొట్టారు. తను కత్తిరించిన చొక్కాలు ఎన్ని ఒంటిమీదకి ఎక్కి ఉంటాయో, ఒక్కరైనా ఇది ఎవరు కత్తిరించారని అడిగింది లేదు. ఆ చప్పట్లు మళ్ళీ కావాలి. అంతే, ఇందులో మరదలి మంచి ఏమీ లేదు.

సుద్ద గీత దగ్గర చెయ్యి ఆగింది. పైపొర మీద గీత పక్కకి పోతే కింద పొరలన్నీ అలాగే తెగుతాయి. అలా జరిగినప్పుడు తిట్లు తినేది గీసిన మనిషే. కింద ఉన్న బట్టని ఎవరూ ఏమీ అనరు. వదిన గీతని చెరిపి మళ్ళీ గీసింది. ఆ రోజు ఎన్నిసార్లు చెరిపిందో పక్కబల్లవాళ్ళు కూడా గమనించారు.

సాయంత్రం వంటింట్లో కూరలు తరుగుతుంటే నడవలోంచి అడుగుల చప్పుడు వచ్చింది. ఒకటి బరువుగా, ఒకటి తేలిగ్గా. ఒకటి నిలిచి, ఒకటి పారిపోతూ. ఈ చప్పుడు ఎక్కడో విన్నాను అనుకుంది. కత్తిపీట దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఎక్కడో ఏమిటి, అది తన అడుగే. ఎవరూ లేనప్పుడు తను ఈ నడవలో నడిచే నడక. తలుపు దగ్గరికి వెళ్ళి చూసింది. మరదలు గోడకి వేళ్ళు ఆనించుకుని ఈ చివరినుంచి ఆ చివరికి నడుస్తోంది, పెదవులు కదుపుతూ, ఎడమ, కుడి అనుకుంటూ. పక్కన తను లేదు. పట్టీ లేదు. అయినా ఆ కుంటు ఆమె కాలికి అంటుకునే ఉంది.

"ఇంక చాలు, కూర్చో," అంది.

మరదలు నడవలోనే కూలబడి ఎడమ మోకాలు నొక్కుకుంది. "ఇది కూడా లాగుతోంది వదినా. ఒకసారి చూసిపెట్టవూ, నా కుడికాలు పొట్టిదైపోయిందేమో."

"కాళ్ళు ఎక్కడైనా పొట్టివౌతాయా?"

"కొలిచి చెప్పు. నీ టేపు తే."

తప్పలేదు. వదిన టేపు తెచ్చి, మోకాళ్ళమీద కూర్చుని, తుంటి ఎముకనుంచి మడమదాకా కొలిచింది. చేతులు అలవాటుగా పనిచేస్తున్నాయి కానీ కళ్ళకి అంకెలు అలుక్కుపోయాయి. రెండోసారి కొలిచింది.

"రెండూ సమానమే."

"అయితే లోపం కాళ్ళలో లేదన్నమాట. బుర్రలోనే ఉంది." మరదలు నవ్వబోయింది, నవ్వు రాలేదు. "మాస్టారు చెప్పేదాకా నాకు తెలియనే తెలియదు వదినా. నా కాలు ఏం చేస్తోందో నాకే తెలియకపోతే, ఇంక నేను దేన్ని నమ్ముకుని నడవను?"

వదిన టేపు వేలికి చుట్టింది. ఇప్పుడు చెప్పాలి, ఇంతకన్నా సమయం లేదు అనుకుంది. "ఇదిగో, నేనొక మాట" అని మొదలుపెట్టిందో లేదో, మొగుడు టీ గ్లాసులతో వచ్చాడు.

"ఏంటే, దర్జీకొట్టు నడవలో పెట్టారా?" అన్నాడు. చెల్లెలు మోకాలు పట్టుకుని ఉండటం చూసి ముఖం చిట్లించాడు. "నామాట విని ఈ పరుగులు మానెయ్. ఉన్న కాళ్ళు కూడా పోగొట్టుకుంటావు."

మరదలు టీ గ్లాసు అందుకుంది. వదిన మొదలుపెట్టిన మాట అడిగినవాళ్ళు లేరు. అడగనందుకు ఆమెకి లోలోపల ఊరట కలిగింది. ఆ ఊరట కలిగినందుకు ఆ పూట అన్నం సయించలేదు.

శుక్రవారం పొద్దున్న మరదలు తనకి తొందరగా డ్యూటీ ఉందని, అన్నయ్య దింపుతాడని, వదినని ఒక్కదాన్నే మైదానానికి వెళ్ళమంది. వెళ్ళగానే మాస్టారు పక్కకి పిలిచాడు.

"మీ మరదలు నిన్న ఫోన్ చేసిందమ్మా. మానేస్తానంటోంది."

"మానేస్తానందా?"

"నావల్ల మా వదిన నడక పాడైపోతోంది, అంత మంచి తోడుని నేను పాడుచేయకూడదు, ఇంకెవరికైనా ఇవ్వండి అంది. నేనూ ఆలోచించాను. ఈమధ్యే కొత్తగా చేరిన చూపు లేని ఆవిడ ఉందిగా, బాగా పరిగెడుతోంది, తోడు లేదు. ఆదివారం నువ్వు ఆవిడతో పరిగెత్తు. కుదిరితే పెద్ద పరుగుకి మీ ఇద్దరి పేర్లూ పంపిస్తాను."

చెప్పుకోవడానికి సిగ్గుచేటు కానీ, ఆ మాట వినగానే వదిన మనసు ఒక్కసారి ఎగిరి గంతేసింది. పతకం, మైకు, చప్పట్లు, ఏదీ ఎక్కడికీ పోలేదు. ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు. మరుక్షణమే తనమీద తనకే అసహ్యం వేసింది. మెట్లమీద కూర్చుని, ఎడమ బూటు తాడు విప్పి, లోపలి అట్ట తీసి పక్కన పెట్టి, మేజోడు లాగేసింది.

"ఇక్కడ నొక్కండి మాస్టారూ."

ఆయన అయోమయంగా వంగి, మడమ లోపలి అంచున బొటనవేలితో నొక్కాడు. వదిన కేకపెట్టింది. ఇన్నాళ్ళుగా దాచుకున్నదంతా ఆ కేకలో వచ్చేసింది. కళ్ళనీళ్ళు తుడుచుకుని చెప్పింది. "కుంటింది తను కాదు. నేను. నా అడుగుని బట్టి తను సర్దుకుంది, నేను సర్దుకోలేదు."

మాస్టారు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఎన్నాళ్ళనుంచి?"

"చాన్నాళ్ళే అయింది."

"నేను ఆ పిల్లని అందరిముందూ నిలబెట్టాను."

"నేను చూస్తూ నిలబడ్డాను."

ఆయన విజిల్ తీసి జేబులో వేసుకున్నాడు. "ముందు వెళ్ళి ఆ పిల్లతో చెప్పు. కాలు సంగతి తరవాత, డాక్టరు చూస్తాడు."

వదిన కార్ఖానాకి వెళ్ళకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళింది. మరదలు కూర్చునే గది మెట్లకింద ఉంటుంది. చెవులకి తగిలించుకున్న ఫోను, ముందు మీటల బల్ల, పక్కన మంచినీళ్ళు. అడుగు వినగానే మరదలు తలెత్తింది.

"వదినా? ఏంటి ఇలా వచ్చావు? ఉండు. చెప్పండి, ఆసుపత్రి. పిల్లల డాక్టరుగారు పదింటికి వస్తారండి. ఆఁ, ఇప్పుడు చెప్పు."

వదిన స్టూలుమీద కూర్చోలేదు. నిలబడే చెప్పింది. నొప్పి మొదలైన సంగతి, మాత్రలు, నడుంనొప్పి అబద్ధం, మంగళవారం నోరు మెదపకపోవడం. పతకం సంగతి కూడా దాచలేదు. మధ్యలో రెండుసార్లు ఫోన్ మోగింది. రెండుసార్లూ మరదలు మామూలు గొంతుతో, ఎముకల డాక్టరు రెండో అంతస్తని ఒకరికి, రక్తపరీక్షకి పరగడుపున రమ్మని ఒకరికి చెప్పింది. ఆ గొంతు చెక్కు చెదరకపోవడం చూసి వదినకి ఇంకా భయం వేసింది.

అంతా అయ్యాక మరదలు అడిగిన మొదటి మాట, "అయితే నా కాలికి ఏమీ లేదా?"

"లేదు. నీ కాలు బంగారంలా ఉండేది."

మరదలు రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుంది. పోయిందనుకున్న వస్తువు దొరికితే తడిమి చూసుకుంటారే, అలా తడుముకుంది. ఆ ముఖంలో సంతోషం కనబడింది. అది చూడటం వదినకి తిట్లు తినడంకంటే కష్టమైంది. తరవాత మెల్లిగా ఆ సంతోషం పోయింది.

"మంగళవారం ఎవరూ చూడట్లేదన్నావు."

"అబద్ధమే చెప్పాను."

"ఎవరెవరు చూశారు?"

"అందరూ."

ఫోన్ మోగింది. మరదలు వెంటనే ఎత్తలేదు. "నొప్పి దాచావు, సరే, నీ కాలు నీ ఇష్టం," అంది. "నా చుట్టూ ఏముందో చెప్పడానికే కదా నువ్వు నా పక్కన ఉన్నది. అది కూడా అబద్ధమే చెప్తే ఎలా వదినా." తరవాత మీట నొక్కి, "చెప్పండి, ఆసుపత్రి" అంది. వదిన ఇంకాసేపు నిలబడింది. మరదలు చేత్తో తలుపువైపు చూపించింది.

శనివారం సంగతి తెలిసిన మొగుడు ఎవరి పక్షం మాట్లాడాలో తెలియక రోజంతా కుళాయి బాగుచేశాడు. మరదలు పరుగు మానడం మానేసింది. ఆదివారం మేడమీదావిడతో పరిగెడతానని తనే మాస్టారికి ఫోన్ చేసి చెప్పింది. సాయంత్రం వదిన మేడమీదావిడ దగ్గరికి వెళ్ళి, తెలిసినదంతా ఒప్పజెప్పింది. మలుపు ముందుగా చెప్పాలి, మలుపులో కాదు. జాగ్రత్త అనకూడదు, ఆ మాట వింటే తను బిగుసుకుపోతుంది, ఏముందో అది చెబితే చాలు. ఆయాసం వస్తే మాట్లాడించకూడదు. చెబుతున్నంతసేపూ, కట్టిన ఇంటి తాళాలు అప్పగిస్తున్నట్టు అనిపించింది. ఆవిడ శ్రద్ధగా వింది. మంచి మనిషి, ఆ మంచితనం కూడా వదినకి గుచ్చుకుంది.

ఆదివారం వదిన మెట్లమీద కూర్చుంది. మాస్టారు పచ్చికమీద నిలబడ్డాడు. మరదలు, మేడమీదావిడ గీత దగ్గర బయలుదేరారు. చూస్తే ఏమీ తెలియదని వదిన కళ్ళు మూసుకుంది. మొదటి చుట్లలో అడుగులు తప్పటడుగులుగా పడ్డాయి. తరవాత కుదిరాయి. కుడి, ఎడమ, ఒకదానికొకటి తీసిపోకుండా, కొత్త గడియారంలా. వదిన తనకి తెలియకుండానే చేతులు జోడించుకుని కూర్చుంది. సరైతే చాలు, నేను పరుగు జోలికి ఇంక పోను అనుకుంది.

దూరం పెరిగింది. మరదలు అలిసిపోవడం ఊపిరిలో వినబడింది. అప్పుడు, మెట్లు దాటి వెళుతున్నప్పుడు, కుడి అడుగు కాస్త తేలింది. మరుసటి చుట్టులో ఇంకాస్త. చూసేవాళ్ళకి కనబడేంత కాదు. దాన్ని పుట్టించిన మనిషికి మాత్రం వినబడకుండా ఉండదు.

పరుగు ఆగాక మాస్టారు గడ్డం గోక్కున్నాడు. "నా కంటికైతే సరిగ్గానే ఉన్నట్టుంది. మధ్యలో ఒకటి రెండుసార్లు అనుమానం వేసింది, గట్టిగా చెప్పలేను."

"చాలా బాగా పరిగెత్తిందండి," అంది మేడమీదావిడ రొప్పుతూ.

మరదలు చెమట తుడుచుకుంది. "వదిననడగండి మాస్టారూ. ఆ అడుగు తనకి తెలిసినట్టు మనకి తెలియదు." మెట్లవైపు తిరిగింది. "వదినా, నువ్వు చెప్పు. ఎలా వినబడింది?"

బాగుంది అంటే అయిపోయేది. మరదలు పరిగెడుతుంది. అందరూ సంతోషిస్తారు. తన తప్పు కూడా సగం మాసిపోతుంది. ఎవరూ పట్టుకోలేరు. వదిన మెట్టు అంచు గట్టిగా పట్టుకుంది.

"మొదట బాగుంది," అంది. "అలిశాక మళ్ళీ వచ్చింది. చివరి చుట్లలో బాగా ఉంది."

"కొంచెమేనండీ, నేను పక్కనే ఉన్నాగా," అంది మేడమీదావిడ.

మరదలు వినలేదు. ముఖం వదినవైపే ఉంది. తల ఊపింది. "వచ్చింది. మోకాలి దగ్గర నాకూ తెలుస్తూనే ఉంది, ఎవరూ అనకపోతే బాగుణ్ణనుకున్నాను." మాస్టారివైపు తిరిగింది. "ఈసారికి నా పేరు పంపకండి. ఈ కుంటు పూర్తిగా పోయాకే పరిగెడతాను."

"సరేనమ్మా," అన్నాడు మాస్టారు.

మరదలు మేడమీదావిడ మోచెయ్యి పట్టుకుని గేటువైపు బయలుదేరింది. వదిన వెనకాల నడిచింది. ఏడాదిపాటు ఎదురుచూసిన పరుగు ఈ పిల్లకి లేకుండా పోయింది, పోగొట్టింది తనే, పోయిందని నోటితో చెప్పిందీ తనే. మడమ మండిపోతోంది. అయినా అలవాటుకొద్దీ పళ్ళు బిగబట్టి, పాదం మొత్తం నేలకి ఆనించి, మామూలు మనిషిలా నడుస్తోంది.

కొంతదూరం పోయాక మరదలు ఆగింది. వెనక్కి తిరగలేదు.

"ఆ నాటకం ఆపు వదినా."

"ఏ నాటకం?"

"నొప్పిగా ఉందిగా. కుంటు. అందరూ చూస్తున్నారులే, చూడనీ. నీమీద కోపం పోలేదు. ఇప్పట్లో పోదు కూడా. కానీ నా వెనక ఉన్నప్పుడు నిజంగా నడువు."

వదిన మడమ ఎత్తేసింది. మైదానంలో ఉన్నవాళ్ళంతా చూస్తుండగా, ఒక కాలు ఈడ్చుకుంటూ, కుంటుకుంటూ నడిచింది. మరదలు ఆమె దగ్గరికి వచ్చేదాకా అక్కడే నిలబడి ఆ అడుగులు వింది.